పర్లాకిమిడిలో మెడపట్టీల దుకాణం: పట్టీ గట్టిది, టీకా కార్డు అరకొర

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి బజారులోని ఈ చిన్న దుకాణంలో మా కుక్క రాజుకు మెడపట్టీ, గొలుసు కొన్నాను. తోలు దళసరిగా ఉంది, కుట్టు రెండు వరుసలు వేశారు. వీధిలో మరో కుక్కను చూసి రాజు ఎంత ఎగబడినా బకిలు ముల్లు వంగలేదు. ఇత్తడి బిళ్ల మీద ఫోను నంబరు, దాని కింద మా ఇంటిపేరు ఒడియాలోనూ తెలుగులోనూ చెక్కి ఇచ్చారు. మా ఊరికి అదే సరైన పద్ధతి. తప్పిపోయిన కుక్క ఎవరి కంట పడినా చదవగలరు.

నచ్చనిది టీకా వ్యవహారం. వారానికో రోజు కుక్కలకు ఇక్కడే టీకాలు వేయిస్తారు. కార్డులో తేదీ ఉంది, మందు ఏ విడతలో తయారైందో చెప్పే బ్యాచ్ నంబరు లేదు. అడిగితే “అదెవరూ చూడరండీ” అన్నారు. నేను చూస్తాను! పెంపుడు కుక్కకు టీకాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్స యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. కుక్క వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

పట్టీ నిశ్చింతగా కొనండి. టీకా మాత్రం పశువైద్యశాలలో వేయించి, బ్యాచ్ నంబరు రాయించుకోండి.