థమ్స్ అప్: కొనుక్కున్న పోటీదారుకూ లొంగని ఘాటు

థమ్స్ అప్ మొదటి గుక్కకే గ్యాస్ ముక్కుకెక్కుతుంది. తీపి లేకపోలేదు గానీ, మసాలా దినుసులను తలపించే ఘాటు దానికంటే ముందు నాలుకకు తగులుతుంది. చల్లదనం కాస్త తగ్గినా ఆ ఘాటు నిలబడుతుంది కాబట్టి, మిగతా కోలాలు చక్కెరనీళ్లలా చప్పబడే వేళకు కూడా దీన్ని తాగగలుగుతాం.

ఈ రుచి పుట్టుకకు 1977 నాటి రాజకీయమే కారణం. విదేశీ మారక నియంత్రణ చట్టం కింద వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలనీ, తయారీ రహస్యాన్ని పంచుకోవాలనీ జనతా ప్రభుత్వం పట్టుబట్టగా, కోకా-కోలా దేశం విడిచి వెళ్లింది. ఆ ఖాళీని పూరించడానికి ప్రభుత్వమే డబుల్ సెవెన్ పేరుతో ఒక పానీయాన్ని దించింది. ప్యూర్ డ్రింక్స్ సంస్థ కాంపా కోలాతో వచ్చింది. అప్పటికే గోల్డ్ స్పాట్ అమ్ముతున్న పార్లే తరఫున రమేశ్ చౌహాన్ థమ్స్ అప్‌ను తెచ్చారు. సర్కారు అండ ఉన్న డబుల్ సెవెన్ ఎంతోకాలం నిలవలేదు. థమ్స్ అప్ మాత్రం, వెళ్లిపోయిన కోలాకు నకలుగా మిగలకుండా, అంతకంటే ఘాటైన సొంత రుచితో దేశీయ కోలాల్లో మొదటి స్థానానికి చేరింది.

1990లో పెప్సీ అడుగుపెట్టింది. 1993లో తిరిగివచ్చిన కోకా-కోలా, సుమారు 6 కోట్ల డాలర్లకు థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా తదితర బ్రాండ్లను పార్లే నుంచి కొనేసింది. వాటిలో గోల్డ్ స్పాట్‌ను మూలన పడేశారు (ఆ నారింజ పానీయం అభిమానులకు ఆ కోపం ఇంకా తీరలేదు). థమ్స్ అప్‌ను కూడా తన సొంత కోలా కోసం కొంతకాలం పక్కన పెట్టినా, తాగేవాళ్లు దాన్ని వదలకపోవడంతో కంపెనీయే దిగివచ్చి మళ్లీ ప్రచారం మొదలుపెట్టాల్సి వచ్చింది. మన తెలుగువాళ్లకు చిరంజీవి, ఆ తరువాత మహేశ్ బాబు ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. 2021లో దీని వార్షిక అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి.

సరుకు విషయానికి వస్తే, నా ఓటు గాజు సీసాకే. ప్లాస్టిక్ గుండా గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది కనుక, పెద్ద సీసా కొనేవారు తయారీ తేదీ చూసుకోవడం మంచిది. ఒకసారి మూత తీశాక మర్నాటికి ఉంచితే మిగిలేది తీపి ఒక్కటే. ఘాటు ముందుకొచ్చి కప్పేస్తుంది గానీ చక్కెర ఇందులో తక్కువేమీ కాదు, కెఫీన్ కూడా ఉంది. అందువల్ల పిల్లలకు ఇవ్వమని నేను చెప్పను. పెద్దలకైతే, బిర్యానీ తిన్నాక ఒక చిన్న గాజు సీసా చాలు.