ప్రాంప్ట్‌తో పుట్టించిన బొమ్మా? మన ఫోటోలోనే ఏఐ చేర్పులా?

ఫోటోగ్రాఫర్ ఏఐతో పని చేయాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి: కెమెరా ముట్టుకోకుండా ప్రాంప్ట్‌తో, అంటే ఏం కావాలో మాటల్లో రాసి, బొమ్మ పుట్టించడం, లేదా తీసిన ఫోటోలోనే కొంత భాగాన్ని ఏఐతో మార్చడం.

మొదటిదానికి జర్మన్ ఫోటోగ్రాఫర్ బోరిస్ ఎల్డాగ్సెన్ మంచి ఉదాహరణ. ఆయన ఏఐతో చేసిన ఇద్దరు ఆడవాళ్ల బ్లాక్ అండ్ వైట్ చిత్రానికి 2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డ్స్ క్రియేటివ్ విభాగంలో బహుమతి వస్తే, ఏఐ బొమ్మలూ ఫోటోలూ ఒకే పోటీలో ఉండకూడదంటూ వద్దనేశారు. అది ఒక్క క్లిక్‌తో వచ్చింది కాదు, ముక్కముక్కగా చెరిపి నింపుతూ, అంచులు పెంచుతూ చేసిన పని. ఏ వెలుగు, ఏ లెన్స్ అడగాలో తెలియాలంటే ఫోటోగ్రఫీ వచ్చుండాలి, అందుకే దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను.

రెండోది ఫోటోషాప్‌లో ఎంచుకున్న చోటును ఏఐతో నింపే జనరేటివ్ ఫిల్ లాంటిది. పెళ్లికూతురి వెనక కరెంటు తీగ కనిపిస్తోందనుకోండి, లాసో (గీత గీసి ఎంచుకునే టూల్)తో చుట్టి, ప్రాంప్ట్ రాసే బాక్స్ ఖాళీగా వదిలి జనరేట్ కొడితే మూడు వెర్షన్లు ఇస్తుంది. అయితే వంద శాతం జూమ్ చేసి చూడండి, చాలాసార్లు నింపిన చోట గ్రెయిన్ (ఫోటోలోని సన్నని నలుసులు) కలవదు, చీర జరీ అంచు మెత్తబడి అలికినట్టుంటుంది. దాని మీద మళ్లీ గ్రెయిన్ వేయక తప్పదు.

రోజువారీ పనికి నా ఓటు రెండోదానికే, కానీ తీగ తీసేయడం వేరు, తలంబ్రాల వేళ కళ్లు మూసుకున్న మామగారికి లేని చూపు తెప్పించడం వేరు. అది చేస్తే ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పాలి, రా ఫైల్ (కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైల్) దాచి ఉంచాలి. వార్తా ఫోటోల్లో మాత్రం రెండూ వద్దే వద్దు.