ఏడాదంతా రంగు కోసం పెంచిన చెట్లు, పొదలు, దుంపలు: పుష్కరం తర్వాత నా సమీక్ష

హైదరాబాదు శివారులో ఎర్రచెలక నేలలో కట్టుకున్న ఇల్లు మాది. చుట్టూ వదిలిన స్థలంలో చెట్లు, పొదలు, దుంప మొక్కలు పెంచడం మొదలుపెట్టి పుష్కరం దాటింది. ఏ నెలలో తలుపు తీసినా ఏదో ఒక రంగు కంటికి కనిపించాలన్న పట్టుదలతో ఎంచుకున్నవి ఇవన్నీ. ఇంతకాలం పెంచాక గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. మన దక్కన్‌లో ఎండాకాలం రంగుకు లోటు ఉండదు. లోటంతా ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, మళ్లీ మార్గశిర, పుష్యమాసాల్లో. స్థలమూ డబ్బూ శ్రమా ఆ నెలల మీద పెట్టాలి. చాలామంది ఏప్రిల్, మే నెలల్లో వీధిలో విరగబూసిన చెట్టును చూసి, నర్సరీకి వెళ్లి అదే అడుగుతారు. మిగతా పది నెలలు ఆ చెట్టు ఎలా ఉంటుందో అడిగేవాళ్లు తక్కువ.

ఎండాకాలానికి ఒక్క చెట్టు చాలు, అది రేల. ఆకు రాల్చిన కొమ్మల మీద పసుపు గెలలు జానెడు నుంచి మూరెడు దాకా కిందికి వేలాడతాయి. దగ్గరికి వెళ్లి చూడండి: గెలలో పైనున్న పూలు ముందు విచ్చుకుంటాయి, కొసన మొగ్గలు ఇంకా ఆకుపచ్చ పూసల్లా గుండ్రంగా ఉంటాయి, విచ్చుకున్న ప్రతి పువ్వులోంచి మూడు పొడవాటి కేసరాలు వంపు తిరిగి బయటికి వస్తాయి. అందుకే ఒక గెల చాలా రోజులు నిలుస్తుంది. నేల పసుపు పచ్చగా మారినా పైన రంగు తగ్గదు. వానలు మొదలై లేత చిగుళ్లు రాగానే ఆకుపచ్చ గొంగళిపురుగులు చేరి కొమ్మలను బోసి చేస్తాయి. మందు కొట్టమని ఇరుగుపొరుగు చెబుతారు, నేను కొట్టను. అవి కొన్నాళ్లకు లేత పసుపు సీతాకోకచిలుకలై పెరడంతా తిరుగుతాయి, చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది. రేలతో ఇబ్బంది ఒక్కటే: మొదటి మూడు నాలుగేళ్లు ఎదుగుదల కనిపించదు. ఓపిక పట్టాలి. పొడవాటి నల్లటి కాయలు రాలితే ఊడ్చుకోవాలి, అది పెద్ద పని కాదు.

గుల్మొహర్ అంటే నాకూ ఇష్టమే. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు మే నెలలో ఆకాశాన్నే ఎరుపు చేస్తుంది. కానీ ఇంటి స్థలంలో వద్దు. వేళ్లు నేల పైపైనే పాకి ప్రహరీ గోడనూ నడక బాట రాళ్లనూ లేపుతాయి, నీడలో మరో మొక్కను ఎదగనివ్వవు. కొమ్మ పెళుసు, ఈదురుగాలికి విరుగుతుంది. పార్కుకో వెడల్పాటి రోడ్డుకో సరిపోయే చెట్టు. మోదుగ మీద నాకు గౌరవం ఉంది. ఫాల్గుణంలో అడవి దారిన వెళ్లేవాళ్లు ఆ ఎరుపును మరిచిపోలేరు, హోలీ రంగు దాని పూల నుంచే తీసేవారు. అయితే అది చాలా నిదానంగా పెరుగుతుంది, పాతుకున్న మొక్కను పెకలించి మరోచోట పెడితే బతకడం కష్టం. పొలం గట్టు ఉన్నవాళ్లు తప్పక పెట్టుకోవాలి. గులాబీ రంగు టబెబుయా మహా అయితే రెండు వారాల ముచ్చట.

పూల సంగతి పక్కన పెట్టి ఆకు రంగు గురించి ఒక మాట. మన తోటల మాటల్లో ఇది అసలు రాదు, అది అన్యాయం. మా వీధి చివరి కానుగ చెట్టు మార్చిలో ఆకంతా రాల్చి, కొద్ది రోజుల్లోనే మెరిసే లేత ఆకుపచ్చ తొడుగుతుంది. ఆ పచ్చదనం ముందు చాలా పూలు వెలవెలబోతాయి. రావి చిగుళ్లు రాగి రంగులో వస్తాయి. బాదం చెట్టు ఆకులు చలికాలం చివర ఎర్రబడి రాలతాయి. చలి దేశాల చెట్ల మీద చూసే ఎరుపుకు మన ఊళ్లలో దగ్గరగా వచ్చేది అదే. ఇవి పెద్ద చెట్లు కాబట్టి మీ స్థలంలో కాక వీధిలో నాటించండి. రంగు మాత్రం మీ కిటికీలోంచి కనిపిస్తుంది.

ఇక అసలు పరీక్ష వానాకాలం. క్రేప్ మర్టిల్‌కు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ముడతలు పడ్డ రేకులతో గులాబీ, ఊదా, తెలుపు గుత్తులు కొమ్మ చివర్లలో వస్తాయి. పూత కొత్తగా పెరిగిన కొమ్మకే వస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో ఆకు రాలి ఉన్నప్పుడు కత్తిరించాలి. తొలి విడత పూత వాడగానే ఆ గుత్తులను తుంచేస్తే శ్రావణానికి మరో విడత వస్తుంది. అలా తుంచకుండా కాయ కట్టనిస్తే మొక్క చల్లబడుతుంది. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. నీడలో పెడితే ఆకు మీద బూడిద తెగులు వస్తుంది.

దాని పాదు చుట్టూ వాన లిల్లీలు పెట్టాను. ఉల్లిపాయంత కూడా లేని దుంపలు. బోరు నీళ్లు ఎన్ని పెట్టినా ఊరుకునే ఆ మొక్కలు, గట్టి వాన పడిన మూడు నాలుగు రోజులకు ఒక్కసారిగా కాడలు లేపి పూస్తాయి. గులాబీ రంగువి, తెల్లవి రెండూ పెంచాను. గులాబీ రంగువి గుంపుగా బాగుంటాయి, తెల్లవి ఎక్కువ విడతలు పూస్తాయి. మెట్టతామరలు కూడా వానల్లో దండిగా పూస్తాయి, వాటికి నీళ్లు నిలిచే మూల ఇచ్చేయవచ్చు.

నూరువరహాల విషయంలో జాగ్రత్త. ఎర్రటి గుత్తులు చూసి అందరూ కొంటారు. కాస్త ఆమ్ల గుణం ఉన్న నేల కోరే మొక్క అది. మా బోరు నీళ్లు ఉప్పుగా, గట్టిగా ఉంటాయి, వాటితో ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చబడుతుంది. ఇనుము మొక్కకు అందక వచ్చే లక్షణం ఇది. వాన నీళ్లు పట్టి పోసేవాళ్లకే పెట్టమంటాను. మందారం రంగులకు సాటి లేదు. అయితే పిండినల్లి పట్టిందంటే పొదంతా తెల్లబడుతుంది. వేపనూనె చల్లడానికి తీరిక ఉంటేనే ఆ జోలికి వెళ్లండి.

ఆశ్వయుజ, కార్తికాలు పారిజాతానివి, దేవకాంచనానివి. పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలుతుంది, కాబట్టి దాని రంగు కొమ్మ మీద కాదు నేల మీద. కింద గడ్డి కాకుండా ఊడ్చిన మట్టో నల్లరాయో ఉంటే ఆ తెలుపు, నారింజ బాగా కనిపిస్తాయి. ఎండాకాలం మాత్రం ఆకు రాల్చి కళ తప్పి ఉంటుంది, వీధి వైపు వద్దు. దేవకాంచనం కొనేటప్పుడు పూసే నెల అడగండి. ఒక నర్సరీలో కార్తికంలో పూస్తుందని ఇచ్చిన మొక్క మా ఇంట్లో ఫాల్గుణంలో పూసింది. రెండు జాతులూ ఒకే పేరుతో అమ్ముతారు. కార్తికంలో పూసేదానికి రేకులు సన్నగా, విడివిడిగా ఉంటాయి, పుప్పొడి ఉండే కేసరాలు సాధారణంగా మూడు, చెట్టు ఆకులతో ఉండగానే పూస్తుంది. ఫాల్గుణపు దానికి రేకులు వెడల్పుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కేసరాలు ఐదు, ఆకు రాలిన కొమ్మ మీద పూస్తుంది. కాయల చెత్త వద్దనుకుంటే హాంకాంగ్ జెండా మీద కనిపించే సంకర జాతి దొరుకుతుందేమో చూడండి, దానికి కాయ కట్టదు.

చలికాలానికి డిసెంబర్ పూలకు మించిన పొద లేదు. ఊదా, తెలుపు, లేత గులాబీ రంగుల్లో నవంబరు నుంచి సంక్రాంతి దాకా పూస్తాయి. కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, పాక్షిక నీడలోనూ పూస్తుంది, తెగుళ్లు నేను చూడలేదు. పూత అయిపోయాక ఫిబ్రవరిలో మోకాలి ఎత్తుకు కత్తిరించాలి. జులైలో చివర్లు తుంచితే గుబురు కడుతుంది. సెప్టెంబరు దాటాక కత్తెర పెట్టకూడదు, పెడితే మొగ్గలు పోతాయి. ఇంత నమ్మకమైన మొక్కను నర్సరీ వాళ్లు వెనుక వరుసలో పెట్టి, పూత దాటగానే కళ తప్పే చామంతి కుండీలను ముందు పెడతారు.

బోగన్‌విలియా గురించి అందరికీ తెలుసు, కాబట్టి రెండు మాటలే. మనం చూసే రంగు పువ్వుది కాదు, చుట్టూ ఉన్న మూడు రంగు ఆకులది. అసలు పువ్వు లోపల తెల్లగా చిన్న గొట్టంలా ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే ఆకు తప్ప రంగు రాదు. ఆకు వాలేదాకా నీళ్లు ఆపి, తర్వాత ఒకసారి తడపండి. ముద్ద రకాలు కొనకండి, వాడిన రేకులు రాలకుండా గోధుమ రంగులో కొమ్మకే వేలాడతాయి. గన్నేరు కూడా దాదాపు ఏడాదంతా పూస్తుంది, హైవేల మధ్య అందుకే నాటుతారు. కానీ ఆ మొక్క అంతా విషమే. పిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో నేను పెట్టనివ్వను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తొలకరి పడ్డాకే నాటండి. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. ఎర్రనేలలో అలాగే పెడితే వేళ్లు ఆ ముద్ద దాటి బయటికి రావడానికి చాలా కాలం పడుతుంది. బకెట్ నీళ్లలో కాసేపు ఉంచి పై పొర మెల్లగా వదిలించి నాటండి. చిన్న స్థలమైతే ఒక రేల, ఒక క్రేప్ మర్టిల్, ఒక పారిజాతం, గోడ వెంట డిసెంబర్ పూలు, పాదుల్లో వాన లిల్లీలు చాలు. ఇంకా చోటుంటే తంగేడు పెట్టండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ముందు పేర్చే పువ్వు, వేరు పట్టాక నీళ్లు అడగదు. నర్సరీల్లో దొరకడం అరుదు. చలికాలంలో ఊరి బయట పొదల మీద ఎండిన కాయలు ఉంటాయి. వాటి గింజలను గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తొలకరికి నేరుగా నేలలోనే విత్తుకోండి.