బీచమ్ మాత్రలా, క్లోరోడైన్ చుక్కలా?

విక్టోరియా రాణి కాలపు లండన్. నిద్ర పట్టదు, గుండె దడ, ఊరికే వణుకు. అన్నిటికీ నరాల జబ్బు అనే పేరు. షాపులో ఏది కొనాలి?

ధర: రెండూ 1 షిల్లింగు 1½ పెన్నీలు. ఆ పెన్నీన్నర స్టాంపు పన్ను. స్టాంపు చూసి సర్కారే హామీ ఇచ్చిందనుకునేవారు, పాపం! పెట్టె గినీ (21 షిల్లింగులు) విలువ చేస్తుందని బీచమ్ ప్రకటన. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ లెక్క తేల్చింది: లోపలి సరుకు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు.

సరుకు: మాత్రల్లో ముసాంబరం, శొంఠి, సబ్బు. అంటే విరేచనాల మందు; నరాల జోలికే పోదు. క్లోరోడైన్‌లో మార్ఫిన్, క్లోరోఫారం, గంజాయి. మన దేశంలో పనిచేసిన సైనిక వైద్యుడు కాలిస్ బ్రౌన్ 1848లో కలరా కోసం కలిపిన మందు. ఇంగ్లండు చేరాక దగ్గుకూ, నరాల నొప్పికీ, హిస్టీరియాకూ అదే!

ప్రమాదం: మాత్రలతో మహా అయితే మరుగుదొడ్డి చుట్టూ ప్రదక్షిణలు. చుక్కలు అలవాటైతే వదలవు, మోతాదు మించితే ప్రాణాలే తీస్తాయి.

మలబద్ధకంతో చిరాకుపడేవారికి బీచమ్ చాలు. విరేచనాలు ఆగకపోతే, గత్యంతరం లేకపోతే, నాలుగు క్లోరోడైన్ చుక్కలు. ఉత్త దిగులుకైతే రెండూ వద్దు, ముఖ్యంగా ఆ సీసా.