ఫిడేలు ఆకు మర్రి: బెంగళూరు నర్సరీలో కొన్న చెట్టుతో పదకొండు నెలలు

గత అక్టోబరులో సర్జాపుర రోడ్డు వైపున్న ఒక నర్సరీలో నాలుగున్నర అడుగుల ఫిడిల్ లీఫ్ ఫిగ్ మొక్కను 1,900 రూపాయలకు కొన్నాను. సిరామిక్ కుండీకి 1,400 రూపాయలు, మొక్కను ఇంటికి చేర్చి ఆ కుండీలోకి మార్చి పెట్టినందుకు 350 రూపాయలు వేరుగా తీసుకున్నారు. పదకొండు నెలలు గడిచాయి కనుక మొక్క గురించీ, దుకాణం గురించీ, వారు ఇంటికి వచ్చి చేసే సంరక్షణ సేవ గురించీ ఇప్పుడు నిలకడగా చెప్పగలనన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. నేను చూసిన లోపం ఆ ఒక్క దుకాణానిదే కాదని, తరువాత నగరంలో తిరిగిన మరో నాలుగు నర్సరీల్లో తెలిసింది. అందువల్ల పేరు రాయడం లేదు.

ముందు ఈ చెట్టు ఏమిటో తెలియాలి, ఎందుకంటే దీన్ని బల్లమీద పెట్టుకునే అలంకరణ మొక్కగా భావించి కొన్నవారే ఎక్కువగా నష్టపోతున్నారు. దీని శాస్త్రీయ నామం ఫైకస్ లైరాటా. పడమటి ఆఫ్రికాలో సియెర్రా లియోన్ నుంచి కామెరూన్ వరకు ఉన్న పల్లపు వర్షారణ్యాలు దీని పుట్టిల్లు. అక్కడ ఇది 12 నుంచి 15 మీటర్ల ఎత్తు పెరుగుతుంది; తరచుగా మరో చెట్టు కొమ్మల మధ్య మొలకెత్తి, వేళ్లను నేలదాకా దించి, ఆధారమిచ్చిన చెట్టునే చుట్టేస్తుంది. మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ దీని దాయాదులే. ఆకు నడుమ సన్నగా, కొస వెడల్పుగా ఫిడేలు ఆకారంలో ఉంటుంది కనుక మా ఇంట్లో దీన్ని ఫిడేలు ఆకు మర్రి అని పిలుచుకుంటున్నాం. బాగా పెరిగిన ఆకు పొడవు 45 సెంటీమీటర్ల దాకా రావచ్చు.

మాది కదిరి. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను ఉంది. అయిదెకరాల దాకా పరుచుకున్న ఆ గొడుగు కింద చిన్నప్పుడు ఊడలు పట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి, ఈ మొక్క చిగురు చూడగానే నాకు ఆత్మీయంగా అనిపించింది. మర్రి చిగురుకు ఉన్నట్లే దీని మొనకూ గోధుమరంగు పొర చుట్టుకుని ఉంటుంది. ఆకు విచ్చుకున్నాక ఆ పొర ఎండి కాడ దగ్గరే కొంతకాలం నిలుస్తుంది. దాన్ని రోగమని భ్రమపడి పీకనవసరం లేదు. మా అమ్మ మాత్రం గుమ్మంలోనే ఆగి, "మర్రి జాతిని ఇంట్లోకి తెస్తివేమే?" అని అడిగింది. ఆమె భయంలో అర్థముంది. గోడ పగుల్లో మొలిచిన రావి ఏం చేస్తుందో మన ఊళ్లలో పాత ఇళ్లున్న ప్రతివారికీ తెలుసు. కుండీలో బంధించిన వేళ్లకు ఆ బలం ఉండదని వివరిస్తే, కొంత సమాధానపడింది.

మొక్క నాణ్యతకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఆకులు దళసరిగా ఉన్నాయి, కాండం నిటారుగా ఉంది, ఆకుల అడుగున పిండినల్లి గానీ పొలుసు పురుగు గానీ లేవు. అక్కడ పనిచేసే పెద్దాయనది తూర్పుగోదావరి జిల్లా కడియం. బెంగళూరు నర్సరీల్లో కనిపించే మొక్కల్లో ఎన్నో కడియం, కడియపులంక తోటల నుంచి లారీల్లో వస్తాయని, ఈ మొక్క కూడా అలాగే వచ్చిందని ఆయనే చెప్పారు. తీసుకొచ్చినవారు లిఫ్టులో ఆకు నలగకుండా పాత చీరలో చుట్టి తెచ్చారు. అంత శ్రద్ధ ఈ మధ్య ఏ డెలివరీలోనూ చూడలేదు.

లోపం అంతకుముందే, దుకాణంలోనే జరిగింది. మొక్కను ఎక్కడ పెడతారని నన్ను ఎవరూ అడగలేదు. హాల్లో సోఫా పక్కన మూల ఖాళీగా ఉందని నేనే చెబితే, కౌంటరు దగ్గరున్న యువకుడు "మూలకు ఇదే బాగుంటుంది మేడమ్, వారానికోసారి నీళ్లు పోస్తే చాలు" అన్నాడు. తగిలించిన చీటీ మీద కూడా తక్కువ వెలుతురులో పెరుగుతుందనే ఉంది. ఆ ఒక్క వాక్యం ఖరీదు నాకు తొమ్మిది ఆకులు.

గోదావరి ఒడ్డున తేమగాలిలో, షేడ్ నెట్ కింద కూడా వేల లక్స్‌ల (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులో పెరిగిన మొక్క, సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున్న ఈ ఊరికి వచ్చి, బాల్కనీకి పన్నెండడుగుల దూరంలోని మూలలో నిలబడింది. మన కంటికి ఆ మూల చీకటిగా కనిపించదు, ఎందుకంటే కన్ను వెలుతురు తగ్గినకొద్దీ తనను తాను సర్దుకుంటుంది. ఆకుకు ఆ సౌలభ్యం అంతగా లేదు. తరువాత ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వేసి చూస్తే, ఉదయం తొమ్మిదింటికి తూర్పు కిటికీ దగ్గర 8,000 లక్స్ దాకా, ఆ మూలలో 170 లక్స్ మాత్రమే చూపించింది. ఫోను కొలత అంత కచ్చితమైనది కాకపోవచ్చు గానీ, అంత తేడా ఉన్నప్పుడు కచ్చితత్వం అవసరం కూడా లేదు.

మూడు వారాల్లో అడుగునున్న నాలుగు ఆకులు రాలాయి. మిగిలిన వాటి మీద ఈనె పక్క నుంచి ముదురు గోధుమరంగు మచ్చలు వ్యాపించసాగాయి. ఇక్కడ మచ్చను చదవడం నేర్చుకోవాలి. అంచులు మాత్రమే ఎండి చుట్టుకుపోతే దాహం; ఆకు మధ్యలో, ఈనెల దగ్గర, నలుపు తిరిగిన మెత్తని మచ్చలు కింది ఆకుల నుంచి మొదలైతే చాలావరకు వేరుకుళ్లు; లేత ఆకు మీద ఎర్రని సన్నని చుక్కలు నీటి హెచ్చుతగ్గుల వల్ల కణాలు ఉబ్బి పగిలిన గుర్తులు, ఆకు ముదిరినకొద్దీ అవి చాలావరకు కలిసిపోతాయి. నావి రెండో రకం. వెలుతురు తక్కువైతే ఆకులు నీటిని తక్కువగా వాడతాయి, వాడని నీరు మట్టిలోనే నిలుస్తుంది, మట్టి రేణువుల నడుమ గాలి ఉండాల్సిన చోటు నీటితో నిండుతుంది, ఊపిరాడని వేరు చచ్చి బూజుకు ఆహారమవుతుంది. అంటే నీళ్లు ఎక్కువయ్యాయన్నది సగం నిజమే. అదే గ్లాసుడు నీళ్లు కిటికీ దగ్గర ఎక్కువ కావు.

దుకాణం వారి సంరక్షణ సేవకు ఫోను చేశాను. ఒకసారి ఇంటికి రావడానికి 500 రూపాయలు. వచ్చిన అబ్బాయి మర్యాదగా ఉన్నాడు, చెప్పిన సమయానికే వచ్చాడు, కానీ మొక్కను కుండీలోంచి తీసి చూడకుండానే బలం తగ్గిందని నిర్ణయించి, ఎరువు ద్రావణం పోసి, వేపనూనె పిచికారీ చేసి వెళ్లాడు. కుళ్లుతున్న వేరుకు ఎరువు పెట్టడం జ్వరపడినవాడికి విందు వడ్డించడం వంటిది. ఆ లవణాలు మిగిలిన వేర్లను కూడా మాడుస్తాయి. ఆ తరువాత పది రోజుల్లో మరో అయిదు ఆకులు పోయాయి. ఈ సందర్శనకు నేను సున్నా మార్కులే వేయగలను.

నవంబరు చివర ఒక ఆదివారం పాత దుప్పటి పరిచి, మొక్కను నేనే బయటకు తీశాను. కుండీ అడుగున ఒకే రంధ్రం ఉంది. దాని మీద మట్టి కారకుండా ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి, ఆ పైన గులకరాళ్లు పరిచారు. గులకరాళ్ల పొర వల్ల నీరు త్వరగా దిగుతుందని మనలో చాలామంది నమ్మకం. వాస్తవానికి సన్నని మట్టి పూర్తిగా తడిసేదాకా నీటిని కింది రాళ్ల పొరలోకి వదలదు, అందువల్ల నీరు నిలిచే మట్టం వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది. వేళ్ల చుట్టూ ఉన్నది నర్సరీ సంచిలోని జిగురు ఎర్రమట్టే. పొలంలో మేలైన ఆ మట్టి కుండీలో నాలుగు తడులకే ఇటుకలా గట్టిపడింది. మూడో వంతు వేళ్లు నల్లబడి, వేలితో తాకితే పైపొర ఊడివస్తూ, కుళ్లు వాసన కొట్టాయి. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో వాటిని తెల్లని భాగం కనిపించేదాకా కత్తిరించి, కొబ్బరిపీచు పొట్టు రెండు పాళ్లు, పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు ఒక పాలు, పాత వర్మీకంపోస్టు ఒక పాలు కలిపిన మిశ్రమంలో, పాతదానికంటే చిన్నదైన మట్టికుండీలో నాటాను. మట్టికుండీ గోడల గుండా కూడా తేమ ఆరిపోతుంది కనుక కోలుకునే మొక్కకు అదే నయం.

కత్తిరించేటప్పుడు కారే తెల్లని పాలు చర్మానికి తగిలితే కొందరికి దురద పుడుతుంది. పిల్లులు, కుక్కలు ఆకు నమిలితే నోరు మండి వాంతులవుతాయి. చీటీ మీద ఈ హెచ్చరిక లేదు, గాలిని శుద్ధి చేస్తుందన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాటకు మూలం 1989లో నాసా మూసివున్న గదుల్లో చేసిన ప్రయోగాలు. ఇళ్లలో గాలి మారే వేగంతో పోటీ పడాలంటే చదరపు మీటరుకు కనీసం పది, ఒక్కోసారి వెయ్యి దాకా మొక్కలు కావాలని 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ పోల్చి లెక్కగట్టారు. అందుకోసమే కొనేవారు కిటికీ తెరిస్తే సరిపోతుంది.

తూర్పు కిటికీ పక్కకు మార్చాక మొక్క రెండు నెలలు కదలకుండా నిలబడింది. ఇక్కడి డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి, ఆ చలిలో ఇది పెరగదు. ఆ రోజుల్లో పదిహేను రోజులకొక తడి సరిపోయింది. ఫిబ్రవరిలో మొదటి చిగురు విచ్చుకుంది. అప్పటినుంచి నేను తేదీలు చూసి నీళ్లు పోయడం మానేశాను; వేలు రెండంగుళాలు దించితే పొడిగా తగిలినప్పుడే, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో మిగిలినది పారబోస్తాను. ఏప్రిల్‌లో అది అయిదు రోజులకొకసారి అయింది. ఎండ వైపు మళ్లి వంగకుండా నెలకోసారి కుండీని పావు వంతు తిప్పుతాను. మార్చి పొడిగాలిలో ఆకుల అడుగున ఎర్రనల్లి సన్నని గూళ్లు అల్లింది; వారం వారం తడిబట్టతో రెండువైపులా తుడిస్తేనే పోయింది. కొత్తగా నాటిన కాండాన్ని కర్రకు బిగించి కట్టవద్దని కూడా నా అనుభవం. గాలికి కొద్దిగా ఊగిన కాండమే లావెక్కుతుంది.

బెంగళూరులో నీటి సంగతి విడిగా చెప్పక తప్పదు. మా అపార్టుమెంటుకు బోరు నీరు, ట్యాంకరు నీరు కలిసి వస్తాయి. ఆ నీరు ఆకు మీద పడితే తెల్లని మరకలు, కుండీ అంచున ఉప్పు పొర. నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్టనర్ గుండా వచ్చిన నీరు ఇంకా చెడ్డది, ఎందుకంటే అందులో కాల్షియం స్థానంలో సోడియం చేరుతుంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి కనుక, పొదుపు కోసమైనా దాన్ని ఈ మొక్కకు పోయరాదు. నేలలు కడగడానికి వాడుకోవచ్చు. నేను వాన కురిసినప్పుడు బాల్కనీలో పట్టిన నీటిని డబ్బాల్లో దాచి వాడుతున్నాను.

మార్చిలో దుకాణానికి వెళ్లి జరిగినదంతా ఫొటోలతో సహా చూపించాను. కడియం పెద్దాయన శ్రద్ధగా విని, "తప్పు మాదేనండీ, వెలుతురు అడక్కుండా ఈ మొక్క ఇవ్వకూడదండీ" అని, సందర్శన రుసుము 500 రూపాయలు తిరిగి ఇప్పించారు. ఆ వారాంతంలో తనే ఇంటికి వచ్చి, అడుగున బోసిపోయిన కాండం మళ్లీ ఆకులు తొడగడం కష్టమని నిజం చెప్పి, కొన గిల్లితే పక్కకొమ్మలు రావచ్చని చూపించారు. గిల్లిన నెలకు రెండు కొమ్మలు వచ్చాయి. అందువల్ల ఆ దుకాణంలో మళ్లీ కొంటాను, కానీ సంరక్షణకు ఆయన వస్తారంటేనే పిలుస్తాను. చీటీ మీద తక్కువ వెలుతురు అన్న మాట మాత్రం గత వారం వెళ్లినప్పుడు కూడా అలాగే ఉంది. దాన్ని మార్చేదాకా నా మార్కులు అయిదింటికి మూడు.

మా పక్క ఫ్లాటు వారిది ఉత్తరం వైపు హాలు, ఎదురుగా మరో భవనం గోడ. నా చెట్టును చూసి అలాంటిదే కావాలన్నారు. యాప్‌తో కొలిస్తే కిటికీ పక్కనే 900 లక్స్ దాటలేదు. వారిని అదే దుకాణానికి తీసుకెళ్లి, ఫైకస్ ఎలాస్టికా, అంటే రబ్బరు మొక్కగా అమ్మేదాన్ని చూపించాను. టైర్ల రబ్బరునిచ్చేది వేరే చెట్టు. ఇది మన ఈశాన్య రాష్ట్రాలలో సహజంగా పెరిగేది, మేఘాలయలో ఖాసీలు వాగుల మీద సజీవమైన వేళ్లతో వంతెనలు అల్లేది ఈ చెట్టుతోనే. ఫిడేలు ఆకుకంటే నీడకు బాగా ఓర్చుకుంటుంది. మూడడుగుల మొక్క 450 రూపాయలకు వచ్చింది. ఈసారి పెద్దాయన అడుగున మూడు రంధ్రాలున్న మట్టికుండీని తనే వెతికి తెచ్చి, ఇంట్లో కిటికీ ఏ దిక్కున ఉందో అడిగాకే బిల్లు వేయించారు.