ఫొటోతో వెతకడమా, పేరుతో వెతకడమా: మన వెబ్‌సైట్‌కి ఏది మేలు?

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేత్తోనే చెక్కుతారు. వీటికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. మా చిన్నాయన వీటిని అమ్మే చిన్న వెబ్‌సైట్ పనులు నేనే చూస్తుంటాను. సైట్‌కి జనం ఎటు నుంచి వస్తారన్నదే ఎప్పుడూ నా టెన్షన్.

పేరు కొట్టి వెతికేవాళ్లు తక్కువే. కానీ "ఉదయగిరి చెక్క స్పూన్లు" అని టైప్ చేసినవాళ్లు సగం కొనేసినట్టే. చిక్కంతా ఆ పేరు తెలియని వాళ్లతోనే. హైదరాబాదులో ఎవరింట్లోనో పిడి మీద జాలీ చెక్కిన స్పూన్ చూసి ముచ్చటపడిన ఆవిడ ఏమని టైప్ చేస్తుంది? ఫోన్ తీసి గూగుల్ లెన్స్‌తో చూస్తుంది. 2017లో వచ్చిన ఈ లెన్స్ ఫొటోలోని ఆకారాన్ని, రంగుని, నగిషీని అంకెల్లోకి మార్చి, వాటికి దగ్గరగా ఉన్న బొమ్మల్ని తెచ్చి చూపిస్తుంది. మనల్ని వెతకాలని కూడా తెలియని మనిషిని మన గుమ్మం దాకా తెచ్చేది ఇదొక్కటే.

నష్టం లేదని కాదు. మన స్పూన్ పక్కనే మిషన్ మీద చేసినవి, తక్కువ ధరతో కనిపిస్తాయి. కొందరు పేరు తెలుసుకుని అక్కడి నుంచే వెళ్లిపోతారు, మన సైట్‌లో అడుగుపెట్టరు. 2018 ఫిబ్రవరి దాకా గూగుల్ బొమ్మల వెతుకులాటలో "వ్యూ ఇమేజ్" అనే బటన్ ఉండేది. అది నొక్కితే సైట్‌తో పని లేకుండా బొమ్మ నేరుగా తెరుచుకునేది. దాన్ని తీసేశాక బొమ్మ పూర్తిగా చూడాలంటే పేజీకి రావాల్సి వచ్చింది. మన రాకపోకలు వాళ్ల ఒక్క బటన్ మీద ఆధారపడి ఉన్నాయి!

అయినా స్పూన్లకి నా ఓటు ఫొటోకే. మొదట్లో పన్నెండు స్పూన్లు పూల దుప్పటి మీద పరిచి ఒకే ఫొటో తీశాను. లెన్స్‌లో పెట్టి చూస్తే వరసగా దుప్పట్లే వచ్చాయి. ఇప్పుడు తెల్ల గుడ్డ మీద, కిటికీ వెలుతురులో, ఒక్కొక్క స్పూన్ విడిగా తీస్తున్నాను. పిడి మీది జాలీ కన్నాలు లెక్కపెట్టుకునేంత దగ్గరగా మరొకటి. నడిమధ్యన ఉన్న వాటర్‌మార్క్‌ని మూలకి జరిపాను. ఫైల్ పేరులో, ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మలో ఏముందో చెబుతూ పేజీ కోడ్‌లో రాసే మాటల్లో) ఉదయగిరి అని రాయడం మాత్రం మానకూడదు.

ఒంగోలులో గ్రానైట్ అమ్మే స్నేహితుడు ఇదే ప్రశ్న అడిగితే తిరగేసి చెప్పాను. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఎవరు ఫొటో తీసినా అదే నలుపు, అవే చుక్కలు. లెన్స్ కొనేవాణ్ణి ఏ ఊరి షాపుకైనా పంపొచ్చు. స్లాబ్ మందం ఎంత, పాలిష్ ఎలా ఉంది, ఒకే బ్లాకు నుంచి ఎన్ని స్లాబులు వస్తాయి అన్నవి ఫొటోలో కనపడవు. కొనేవాడు మొదట అడిగేవి అవే. అందుకే ఆ వివరాలు ముందు రాయమన్నాను, ఫొటోలు తర్వాత తీద్దామన్నాను.