నెట్సుకేనా, ఇన్రోనా: మొదట ఏది కొనాలి?

పాత జపాన్ వస్తువుల మీద మనసు పడ్డవాళ్లు నన్ను అడిగే ప్రశ్న మారడం లేదు: ఉన్న డబ్బుకు ఒక్కటే వస్తుంది, నెట్సుకే తీసుకోవాలా, ఇన్రో తీసుకోవాలా? ఎడో కాలంలో (1603–1868) రెండూ ఒకే తాడుకు కట్టి నడుముకు వేలాడదీసుకున్నవే: ఇన్రో మందుల్లాంటివి పెట్టుకునే డబ్బా, నెట్సుకే ఆ తాడు నడికట్టులోంచి జారిపోకుండా పై కొసన కట్టే చిన్న చెక్కుడు బొమ్మ. ఇప్పుడు వేలాల్లో విడివిడిగా కూడా వస్తుంటాయి కాబట్టి ఈ తగవు.

చూడ్డానికైతే ఇన్రోదే గెలుపు. మామూలుగా మూడు నుంచి ఐదు అరలుండే చిన్న డబ్బా. మంచిదైతే అరకూ అరకూ మధ్య గీత కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. నల్లటి ఉరుషి పూత మీద బంగారు పొడి చల్లి వేసిన గడ్డిపరకలు ఆ గీతలను దాటుకుంటూ ఒక పక్క నుంచి రెండో పక్కకు వంగుతాయి. ఉరుషి కళాకారుడు షిబాతా జెషిన్ (1807–1891) పని చూస్తే, అరచేతంత జాగాలో ఇంత ఎలా పట్టిందా అనిపిస్తుంది.

ఉరుషి అంటే మన ఏటికొప్పాక బొమ్మల లక్కేగా అంటారు కొందరు. కాదు. లక్క పురుగు నుంచి వస్తుంది, వేడికి మెత్తబడుతుంది. ఉరుషి చెట్టు పాలు; గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక కరగదు. 1873 వియన్నా ప్రదర్శన నుంచి సరుకు తిరిగి తెస్తున్న ఫ్రెంచి ఓడ ఒకటి 1874లో జపాన్ తీరంలో మునిగింది. ఏడాదికి పైగా ఉప్పునీళ్లలో నానిన ఉరుషి సామాన్లు కొన్ని పైకి తీస్తే పెద్దగా చెడలేదు.

అంతటి ఉరుషికీ పడనివి రెండున్నాయి, ఎండ, పొడిగాలి. వెలుతురుకు మెరుపు చచ్చి మసకబారుతుంది. గాలి మరీ పొడిబారితే లోపలి చెక్క కుంచించుకుపోయి పైపూత పగులుతుంది. నా మొదటి ఇన్రోను గొప్పగా అద్దాల బీరువాలో లైటు కింద పెట్టాను, అదీ ఏసీ గదిలో. రెండో ఎండాకాలానికి మూత అంచున వెంట్రుకంత పగులు. ఇప్పుడది బట్టలో చుట్టి పెట్టెలో ఉంది. ఎవరైనా వస్తే రెండు నిమిషాలు తీసి చూపించి, చేతి చెమట అంటుతుందేమోనని టెన్షన్ పడి మళ్లీ లోపల పెట్టేస్తాను.

నా మట్టుకు తేడా అంతా ఇక్కడే. నెట్సుకే ముట్టుకున్నకొద్దీ నునుపెక్కుతుంది. ఆ అరుగుదలకు జపాన్‌లో 'నరె' అని పేరు కూడా ఉంది, దానికి విలువ కడతారు. బట్టకు తగులుకోకూడదు కాబట్టి పనివాళ్లు జంతువును ముడిచి చెక్కారు: తోక చుట్టుకుని పడుకున్న ఎలుక, గుల్లలోంచి సగం బయటికొచ్చిన నత్త, చుట్టగా పడుకున్న పాము. గుప్పిట్లో ఇమిడిపోతాయి. ఇసె ప్రాంతపు యమదలో మసనావొ పేరుతో తరతరాలుగా చేసిన కర్ర కప్పలంటే నాకు పిచ్చి. మంచి పనో కాదో తేలాలంటే తిప్పి అడుగు చూడాలి. ఎవరికీ కనబడని పొట్ట కింద కూడా కాళ్లు, వేళ్లు చెక్కి ఉంటాయి. తాడు కన్నాలు కూడా చూడండి. పాతవాటిలో చాలాసార్లు ముడి దాగేందుకు ఒకటి పెద్దగా ఉంటుంది, తాడు రాపిడికి అంచులు అరిగి ఉంటాయి. కన్నాల అంచులు పదునుగా ఉండి, గాట్లలో మాత్రం నల్లరంగు పూసి ఉంటే అనుమానించాలి.

ఒక్క షరతు, ఏనుగు దంతం జోలికి పోవద్దు. మన వన్యప్రాణి చట్టానికి 1986, 1991లో చేసిన సవరణలతో దంతం వ్యాపారం మూతపడింది, పాతదని చెప్పినా ఒప్పుకోరు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకూ 2022 జూన్ నుంచి ఇలాంటి చట్టమే అమల్లో ఉంది, మినహాయింపులు తక్కువ. కాబట్టి కర్రదే, అందులోనూ సన్నని పనికి లొంగే త్సుగె (బాక్స్‌వుడ్) కర్రది.

అదే తాడును బిగించే ఓజిమె పూసలు, అగరు పెట్టుకునే కోగో డబ్బాలు కూడా ఉన్నాయి. దొరికితే సరే, వాటితో మొదలుపెట్టనక్కర్లేదు. అల్మారాలో పెట్టే ఓకిమొనో బొమ్మలకు తాడు కన్నాలే ఉండవు, నాకు వాటి మీద మోజు లేదు.

ఇన్రోనే కావాలని పట్టుబడితే మాత్రం ఫొటోలు చూసి కొనకండి. అరలు ఒక్కొక్కటీ విడదీసి లోపలి అంచులు, తాడు దూరే పక్క గొట్టాలు చూడండి. పెచ్చులు ముందు లేచేది అక్కడే.